కోతకు ముందు తట్టే వేలు

సుందర్ రాజు కట్ చేసిన సినిమాలో క్లాప్ బోర్డు కనబడిందంటే ఫిల్మ్ నగర్‌లో ఎవరూ నమ్మరు. అలాంటిది, ఆ కబురు చెప్పింది సాక్షాత్తూ నిర్మాత అచ్యుతరామయ్య గారు, విన్నది సుందర్ రాజు భార్య తెరెసా. ఆవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి పేరు చూసుకుంది, మాట్లాడుతున్నది నిజంగా ఆయనేనా అని.

"రాజు ఫోనెత్తడం లేదమ్మా, అందుకే నీకు చేశాను," అన్నారు అచ్యుతరామయ్య. "పొద్దున ప్రివ్యూ థియేటర్లో సినిమా వేసుకున్నాం. తల్లి కూతుర్ని కావలించుకుని ఏడవాలి. ఏడుపుకంటే ముందు మా డైరెక్టరు గొంతు వినపడింది, 'యాక్షన్' అని. ఇంకోచోట క్లాప్ బోర్డు అంచు. ఇంకా ఉన్నాయిలే. ఇన్నేళ్లలో రాజు చేతిలో ఇలాంటిది చూడలేదు నేను."

"ఎలా జరిగిందటండీ?"

"అదే అడిగాను. పలకలేదు. బుధవారం మళ్లీ వేసుకుంటాం. అప్పుడూ ఇలాగే ఉంటే ఎడిటింగ్‌కి పృథ్వీరాజ్‌ని పిలవక తప్పదు. రిలీజు డేటు చెప్పేశాం కదమ్మా, నా చేతుల్లో ఏముంది?"

సినిమా తీసేటప్పుడు ప్రతి షాటుకీ ముందు క్లాప్ కొడతారు. డైరెక్టరు 'యాక్షన్' అంటాడు. ఆ తర్వాతే నటులు నటిస్తారు. ఆ ముందరి చెత్తంతా కోసి పారేసి, నటన మొదలైన చోటి నుంచి అతకడం ఎడిటింగ్‌లో ఓనమాలు. జుట్టు నెరిసిన ఎడిటరు ఓనమాలు తప్పాడంటే ఆ వీధిలో నవ్వుతారు. సినిమా సగంలో లాగేసుకున్నారంటే నవ్వడం కూడా మానేస్తారు. పైకి ఎవరూ ఒక్క మాట అనరు, ఫోన్లు రావడం ఆగిపోతుంది, అంతే. సుందర్ రాజుకి ఆ కుర్చీ తప్ప వేరే ప్రపంచం లేదని తెరెసాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే ఆవిడా ఒకప్పుడు ఆ కత్తెర దగ్గరి మనిషే. ఏలూరు నుంచి వచ్చి ఫిల్మ్ లాబులో నెగటివ్ కటింగ్‌లో చేరింది. ఎడిటర్లు కోసుకునేది నకలు ప్రింటు. దాన్ని ఎన్నిసార్లు కోసినా మళ్లీ అతికించుకోవచ్చు. అసలు నెగటివ్ అలా కాదు, ఒక్కసారే కోయాలి. అందుకే తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒకమ్మాయి కోస్తుంటే పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని ఎడిటరు పెట్టిన గుర్తులు సరిచూసేది. నోటి తుంపర పడితే నెగటివ్ పాడవుతుందని అక్కడ మాటలుండేవి కావు. తప్పు కనబడితే పక్కనున్న అమ్మాయి బల్ల మీద వేలితో తట్టేది. తట్టిందంటే కత్తెర ఆగాలి. ఎవరిదైనా సరే, ఎంత పెద్ద సినిమా అయినా సరే.

సుందర్ రాజు మొదటి సినిమా నెగటివ్ కోస్తున్న రోజున తెరెసా తట్టింది. పెట్టిన గుర్తు అసలు చోటికి కాస్త ముందుంది. కుర్ర ఎడిటరు గుమ్మంలో నిలబడే గయ్యిమన్నాడు, తనకి పని నేర్పుతున్నారా అని. తర్వాత తన గదికి పరిగెత్తి చూసుకుని, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. ఆ వారం లాబులో పనేమీ లేకపోయినా రోజూ వచ్చాడు. వీళ్ల కాపురం ఎర్రగడ్డలో ఒక్క గదిలో మొదలైంది.

కంప్యూటర్లొచ్చి లాబు మూతబడింది గానీ తెరెసా వేలు మాత్రం రిటైరవలేదు. ఇక మార్చేది లేదని రీలు లాక్ చేసే ముందు సుందర్ రాజు ఆవిడను పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. కథ చెప్పేవాడు కాదు. ఆవిడ ఒకసారి శబ్దం ఆపేసి చూసేది, ఇంకోసారి కళ్లు మూసుకుని వినేది. తప్పున్న చోట తట్టేది. ఇదంతా పరిశ్రమలో ఎవరికీ తెలియదు. తెలియాలని ఆవిడా అనుకోలేదు.

ఈ సినిమాకి మాత్రం పిలవలేదు. ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లోనే చెప్పేశాడు. "డైరెక్టరు కొత్తవాడు తెరెసా. కథ బయటికి పొక్కకూడదని సంతకాలు పెట్టించుకున్నాడు. నువ్వు రాకు." ఆవిడకి మనసు చివుక్కుమంది, కానీ నమ్మింది. ఇప్పుడు ఫోను పెట్టేశాక నమ్మకం కలగలేదు. చెప్పులు వేసుకుని, ఫిల్మ్ నగర్ ఫ్లాటుకి తాళంవేసి, జూబ్లీహిల్స్‌కి ఆటో ఎక్కింది.

ఎడిటింగ్ గది రెండో అంతస్తులో ఉంది. సుందర్ రాజు గదిలో లేడు. మెట్ల మధ్యలో, గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. మే నెల ఎండలో ఊలు స్వెట్టరు. గదిలో యంత్రాల కోసం ఏసీ ఎక్కువ పెడతారు, చలేస్తోందని ఆయన చాన్నాళ్లుగా అది వేసుకుంటున్నాడు. ఆవిడే ఉతికి ఆరేస్తోంది కూడా. ఆ స్వెట్టరేమిటని ఒక్కరోజు అడిగి ఉంటే బాగుండునని అప్పుడనిపించింది.

"లిఫ్టు లేదా?" అంది.

"ఉంది. పని చేయదు." ఆ రెండు ముక్కలకే ఆయనకి ఆయాసం వచ్చింది. పెదాలు సున్నం రాసినట్టున్నాయి.

ఆవిడ పక్కన కూర్చుంది. అడగలేదు. అడగకపోతే సుందర్ రాజు ఎక్కువసేపు ఆగలేడని ఆవిడకి తెలుసు.

"రక్తం తక్కువగా ఉందన్నారు," అన్నాడు చివరికి. "ఎందుకో తెలియడానికి ఎముక మూలుగ తీసి పరీక్షకి పంపారు. రేపు రమ్మన్నారు. బుధవారం అయ్యాక వెళ్తాలే."

"మూలుగ తీయించుకున్నప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

తెరెసాకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నడుం ఎముకలోకి సూది దింపించుకుని, ఇంటికొచ్చి, చేపల పులుసు బాగుందని తిని పడుకున్న మనిషిని ఏమనాలి? "రేపే వెళ్తున్నాం," అంది. "సినిమా పూర్తి చేద్దురుగాని. ముందు మీకేం జరుగుతోందో తెలియాలి."

మర్నాడు బంజారాహిల్స్ ఆసుపత్రిలో డాక్టర్ మనోజ రిపోర్టు చదివి, కళ్లజోడు తీసి, నసగకుండా చెప్పింది. "రాజు గారూ, మూలుగలో రక్తం తయారుచేసే కణాలు దెబ్బతిన్నాయి. దీన్ని రక్త క్యాన్సర్ల లెక్కలోనే వేస్తాం. మీది నెమ్మదిగా నడిచే రకం. బెంబేలెత్తక్కర్లేదు. అలాగని వదిలేయకూడదు."

తెరెసా చెయ్యి సంచిలో జపమాల కోసం వెతికింది. సుందర్ రాజు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "దెబ్బతినడమంటే? ఎక్కడ ఏం తప్పు జరిగిందో చెప్పండి. నాకు సగం సగం చెబితే అర్థం కాదు."

"మీరేం చేస్తుంటారు?"

"సినిమాలు కోస్తాను."

డాక్టరు నవ్వింది. "అయితే మీకు చెప్పడం తేలికేనండీ. కణంలో డీఎన్‌ఏ ఉంటుంది, అది కదలదు. పని పడ్డప్పుడు కణం దాన్నించి ఆర్‌ఎన్‌ఏ అని ఒక నకలు తీసుకుంటుంది. అందులో పనికొచ్చే ముక్కల మధ్య పనికిరాని ముక్కలుంటాయి. పనికిరానివి కోసేసి, మిగతావి అతికితే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. కణం దాన్ని చదివి ప్రొటీన్లు చేసుకుంటుంది."

"నెగటివు, నకలు ప్రింటు, ఫైనల్ కట్," అన్నాడు సుందర్ రాజు. "కోయాల్సిన చోటు ఎలా తెలుస్తుంది?"

"పనికిరాని ముక్క చివర చిన్న గుర్తుంటుంది. చిక్కేమిటంటే, అచ్చం అలాంటి గుర్తులే కాస్త ముందు కూడా ఉంటాయి. కణంలో ఈ కోతలు కోసే ప్రొటీన్ల యంత్రం తొందరపడి ముందరి గుర్తు దగ్గర కూర్చుందనుకోండి, పనికిరానిది కాస్త మిగిలిపోయి మంచి ముక్కకి అతుక్కుంటుంది."

సుందర్ రాజు చప్పున తల పక్కకి తిప్పేసుకున్నాడు. తెరెసా ఆయన్నే చూస్తోంది.

"ఈ పొరపాటు ఎవరి కణాల్లోనైనా జరగబోతూ ఉంటుందండీ," అంటోంది డాక్టరు. "అందుకని యంత్రం పక్కన ఒక కాపలా ప్రొటీన్ ఉంటుంది. యంత్రం తప్పు చోట కూర్చుంటే అది ఇంకో ప్రొటీన్‌ని పనికి పురమాయిస్తుంది. ఆ రెండోది యంత్రాన్ని అక్కణ్ణుంచి ఊడబెరుకుతుంది. కోత పడకముందే. ఇదంతా ఈమధ్యనే బయటపడుతోంది, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. మీ కణాల్లో ఆ యంత్రం తాలూకు ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిపోయింది. వయసు మీద వచ్చిన మార్పు. పుట్టుకతో వచ్చింది కాదు."

"మా అమ్మాయికి రాదుగా?" అంది తెరెసా.

"రాదమ్మా. ఆ ఒక్క మార్పుతో కాపలా ప్రొటీన్‌కి యంత్రం మీద పట్టు దొరకడం లేదు. ముందరి గుర్తు దగ్గరే కోతలు పడిపోతున్నాయి."

"కాపలావాడు పోయాడా?" అడిగాడు సుందర్ రాజు.

"పోలేదండీ. శుభ్రంగా ఉంది, పని చేయడానికి సిద్ధంగా ఉంది. దగ్గరికి రానివ్వడం లేదు, అంతే."

తెరెసా, సుందర్ రాజు చూపులు కలపకుండా తలలు దించుకున్నారు. డాక్టరు అది భయమనుకుంది. మొగుడూ పెళ్లాల సంగతి ఆవిడకేం తెలుసు!

"తప్పుగా తయారైన సందేశాలని పట్టుకుని చించేసే ఏర్పాటు కూడా కణంలో ఉంది," అని మళ్లీ అందుకుంది. "అది దాని పని చేస్తూనే ఉంది. కానీ అన్నీ చించుకుంటూ పోతే కావాల్సిన ప్రొటీన్లు తక్కువ పడతాయి కదా. ఇనుము సంగతి చూసేది అలాగే తక్కువ పడింది. ఇనుము కణాల్లోనే పేరుకుపోతోంది, రక్తం తయారవడం లేదు. అందుకే ఆయాసం, చలి. పని మీద దృష్టి నిలవకపోవడం కూడా."

"మందుందా?"

"మొదట రక్తం ఎక్కిస్తాం. తర్వాత మూడు వారాలకోసారి ఇంజెక్షను. చాలామంది కోలుకుని పనులు చేసుకుంటున్నారు. ఆ కాపలాని తిరిగి పనిలోకి తెచ్చే మందు కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇంకా చేతికి రాలేదు. వచ్చేదాకా మనం ఊరుకోం కదా?"

"ఊరుకోం," అన్నాడు సుందర్ రాజు. పొద్దుటినుంచి ఆయన గొంతు గొంతులా వినపడింది అప్పుడే.

రక్తం ఎక్కించుకుని ఆటోలో తిరిగొస్తుంటే పెదాలకి కాస్త రంగొచ్చింది. ఆటో చెక్‌పోస్టు దగ్గర ఆగింది. చుట్టూ హారన్లు మోగుతున్నాయి.

"అడగవేం?" అన్నాడు.

"మీరే చెప్పండి."

"నువ్వు గదిలోకొస్తే నా మొహం చూస్తావు. చూస్తే కనిపెట్టేస్తావు. నువ్వు తట్టావంటే నేనాగాలి. ఆగితే ఈ సినిమా పోతుంది, దీంతోపాటు కుర్చీ పోతుంది. భయమేసింది తెరెసా." ఇంకేదో చెప్పబోయి ఆగాడు. "నువ్వు లేకుండా కూడా కోయగలననుకున్నాను. అదీ ఉంది."

ఈ చివరి మాటకి తెరెసాకి కష్టం కలిగింది. నిజం కాబట్టి కలిగింది. కానీ మూతి ముడుచుకుని కూర్చోవడానికి ఆవిడకి తీరికెక్కడిది? బుధవారం దగ్గర్లోనే ఉంది. "మంచిది," అంది. "రేపు పొద్దున్నే నాకో కుర్చీ వేయించండి."

"జబ్బు సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు."

"నాకామాత్రం తెలియదా?" అంది. ఫిల్మ్ నగర్‌లో జబ్బుమనిషికి పూలగుత్తి పంపుతారు గానీ పని ఇవ్వరు.

పొద్దున్నే గదిలో ఆవిడను చూసి డైరెక్టరు చరణ్ తేజ బిత్తరపోయాడు. వరంగల్ కుర్రాడు, మొదటి సినిమా. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"సార్, మేడమ్ గీడ...?"

"చూడ్డానికొచ్చింది. నువ్వు పెట్టించుకున్న సంతకాలున్నాయిగా, ఈవిడ చేత కూడా పెట్టించుకో," అన్నాడు సుందర్ రాజు గొణుగుతూ.

"సంతకాలేంది సార్? నేనెప్పుడు పెట్టించుకున్న?"

తెరెసా మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి సుందర్ రాజు స్వెట్టరు గుండీలు సర్దుకున్నాడు.

"బాబూ," అంది చరణ్ తేజతో, "నాకు నీ కథ చెప్పకు. ఎవరికెవరు ఏమవుతారో కూడా చెప్పొద్దు. మొదటి రీలు వేయండి, శబ్దం లేకుండా."

"మస్తు టైం పడ్తది మేడమ్. బుధవారమే షో."

"తప్పుల్తో వేసుకుంటే ఇంకా ఎక్కువ పడుతుంది."

కుర్రాడికి కోపం వచ్చింది. బయటికెళ్లి టీ తాగి వచ్చాడు. వచ్చేసరికి తెరెసా వేలు బల్ల మీద తట్టింది. సుందర్ రాజు ఆపాడు. పెళ్లి సీనులో ఒక మూల క్లాప్ పట్టుకున్న వాడి మోచెయ్యి. ఇంకాసేపటికి కళ్లు మూసుకుని తట్టింది. వర్షం చప్పుడు కింద సన్నగా 'యాక్షన్'లో చివరి పొల్లు. చరణ్ తేజ మళ్లీ టీకి వెళ్లలేదు. స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

పని సాగింది. సుందర్ రాజుకి ఆయాసం వచ్చినప్పుడు తెరెసా తట్టేది, తెర మీద తప్పు లేకపోయినా. ఆయన ఆగేవాడు, మజ్జిగ తాగేవాడు, మళ్లీ కోసేవాడు. విసుక్కోలేదని కాదు. ఒకసారి మౌస్ విసిరికొట్టినంత పని చేశాడు. ఆవిడ వేలు బల్ల మీదే ఉంచింది, తీయలేదు. చివరికి ఆయనే మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఆఖరి రీలు మిగిలింది. థియేటర్ నుంచి అచ్యుతరామయ్య గారి మనిషి అప్పటికే ఫోను చేశాడు, బయల్దేరారా అని. తల్లి కూతుర్ని కావలించుకునే షాటును సుందర్ రాజు కొత్తగా కోశాడు. గొంతు లేదు, బోర్డు లేదు. శుభ్రంగా ఉంది. లాక్ చేయబోయాడు.

టక్.

"ఏముంది తెరెసా? ఏమీ లేదు!"

"ఉందండీ."

"మేడమ్, నాకూ ఏం కనిపిస్తలేదు," అన్నాడు చరణ్ తేజ. ఫోను మళ్లీ మోగింది.

"ఆ అమ్మాయి ఇంకా తల్లి కాలేదు," అంది తెరెసా. "కాచుక్కూచుని ఉంది."

సుందర్ రాజు ఒక్కొక్క ఫ్రేమూ నడిపించాడు. హీరోయిన్ కళ్లు ఓ చిటికె సేపు పక్కకి వెళ్లాయి, కెమెరా వెనకనున్న డైరెక్టరు వైపు, మొదలుపెట్టనా అన్నట్టు. ఆ తర్వాత రెప్ప పడింది. రెప్ప లేచాక చూస్తే అది తల్లి మొహం. పేజీల కొద్దీ డైలాగులు రాసినా రాని దుఃఖం అందులో ఉంది. రెప్ప పడిన చోట కోశాడు. అతికి మళ్లీ వేశాడు. చరణ్ తేజ తను తీసిన సీను చూసి తనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు పదండి," అంది తెరెసా.

ప్రివ్యూ థియేటర్లో అచ్యుతరామయ్య గారు ఎప్పటిలాగే మధ్య వరుసలో కూర్చున్నారు. తెరెసా వెనకాల, సుందర్ రాజు పక్కన కూర్చుంది. సినిమా నడుస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి కుర్చీ చేతి మీద కదలకుండా ఉంది. తట్టాల్సిన అవసరం రాలేదు. ఆఖరి సీనులో అచ్యుతరామయ్య గారు జేబురుమాలు తీశారు, ముక్కు చీదారు, ఎవరూ చూడలేదనుకుని మడిచి పెట్టుకున్నారు. దీపాలు వెలిగాయి.

"ఇదీ నా రాజు!" అన్నారు లేచి నిలబడి. "మొన్న వేసింది ఎవడి సినిమానో మరి. ఏమైందయ్యా అప్పుడు? పరధ్యానమా?"

అవును పరధ్యానమే అనేస్తే సరిపోయేది. అందరూ నవ్వి టీ తాగి ఇళ్లకి పోయేవాళ్లు. సుందర్ రాజు లేచాడు. "పరధ్యానం కాదండీ," అన్నాడు.

తెరెసా వేలు గాల్లోకి లేచింది. ఏం చెప్పబోతున్నాడో ఆవిడకి తెలిసిపోయింది. ఒక్కసారి కుర్చీ చేతి మీద తడితే చాలు, ఆయన ఆగిపోతాడు. ఎన్నేళ్ల అలవాటు! కుర్చీ దక్కింది, ఇంక నోరు మూసుకోవచ్చు. ఈ మాట ఆపాలా, వదలాలా? మొగుడి మొహంలోకి చూసింది. కంగారు లేదు. తొందరపడి ముందే కోసేస్తున్న మనిషిలా లేడు. చోటు చూసుకునే నిలబడ్డాడు.

ఆవిడ వేలు మెల్లగా దించుకుంది. తట్టలేదు.

"నాకు రక్త క్యాన్సర్ అండీ," అన్నాడు సుందర్ రాజు. "వైద్యం మొదలైంది, చేసుకుంటాను. పనీ చేసుకుంటాను. తప్పులు మాత్రం దానివల్లే రాలేదు. నా రీళ్లలో తప్పులు పట్టేది మొదట్నుంచీ ఈవిడ. నా జబ్బు దాచుకోవడానికి ఈవిణ్ణి గది బయట ఉంచాను. అందుకే వచ్చాయి. ఇకమీదట ఈవిడ కుర్చీ ఉన్న గదిలోనే నా కుర్చీ ఉంటుంది. మీకు కుదరకపోతే ఇప్పుడే చెప్పేయండి."

అచ్యుతరామయ్య గారు మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. తెల్ల తెర వైపు చూశారు, రాజు స్వెట్టరు వైపు చూశారు. తర్వాత చరణ్ తేజ వైపు తిరిగారు.

"పృథ్వీరాజ్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పు. వచ్చే నెల మన రెండో సినిమా షూటింగ్‌లో తీసిన రష్ అంతా రాజు గదికి పంపించు." ఆ తర్వాత తెరెసాని చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "అమ్మా, ఆ గదిలో ఏసీ మరీ ఎక్కువ. నీకు చలేస్తే మావాళ్లకి చెప్పు, తగ్గిస్తారు."

"చలి నాక్కాదండీ," అంది తెరెసా. "ఈయనకి. ఇవాళే తగ్గించమనండి."